గుమ్మం దగ్గరి కుర్చీ

పాస్టరు జ్ఞానరత్నం అయ్యగారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు వేసుకునేవారు. అడిగినవాళ్ళు వెనకాల నడవాల్సిందే. ఆ సంగతి తెలిసే, ఎండ వేళ ఆయన్ని ప్రశ్నలడగడానికి సంఘంలో ఎవరూ సాహసించేవారు కాదు.

శిష్యుడు సుందరపాల్ అడిగాడు. కొత్తగా సేవకు వచ్చినవాడు, బైబిలు వాక్యం మీద పట్టున్నవాడు. గొంతు కూడా మంచిదే. మైకు ఆపేసినా వీధి చివరిదాకా వినపడుతుంది.

"అయ్యగారూ, కృపామణమ్మ కోసం ఎంత ప్రార్థించినా ఆవిడ భయం పోవట్లేదు. భయపడడమంటే నమ్మకం లేకపోవడమే కదండీ?"

అయ్యగారు చెప్పుల కోసం చూశారు.

కృపామణి ఎవరో మీకు చెప్పాలి. సముద్రానికి ఎదురుగా ఆఖరి ఇల్లు ఆమెది. నిరుడు తుఫానుకి ఆమె మరిది పడవ బోల్తా పడింది. మనిషి తిరిగి రాలేదు. అప్పటినుంచి భర్త ఏసోబు చేపల వేటకు వెళితే చాలు, పడవ కనపడేదాకా ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. సరైన తిండి లేదు, కంటికి కునుకు లేదు. డాక్టరు మాత్రలిచ్చాడు. అవి మింగితే దేవుణ్ణి నమ్మనట్టేనని ఎవరో అంటే గూట్లో పడేసింది. వీటన్నిటికంటే పెద్ద నేరం ఇంకొకటుంది. ప్రార్థనలో ఆమె కళ్ళు మూసుకోదు. మనవాళ్ళలో అది చిన్న విషయమా? ఆడవాళ్ళ కూడికలో గుసగుసలు బయలుదేరాయి. ఆమె కళ్ళు తెరిచి ఉందని, కళ్ళు మూసుకున్నవాళ్ళకి ఎలా తెలిసిందో నన్నడక్కండి. మొత్తానికి ఆ సిగ్గుతో ఆమె గుడికి రావడమే మానేసింది.

వాళ్ళిద్దరూ వెళ్ళేసరికి ఏసోబు ఇంకా సముద్రం మీదే ఉన్నాడు. గాలి కాస్త పెరిగింది. కృపామణి గబగబా లేచి, తలమీద కొంగు కప్పుకుని, మంచినీళ్ళిచ్చింది. సుందరపాల్ ఆమెను లోపల చాపమీద కూర్చోబెట్టి, తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన మొదలుపెట్టాడు. నమ్మి కళ్ళు మూసుకోమన్నాడు. ఆమె మూసుకుంది. తలుపు గాలికి కొట్టుకోగానే తెరిచింది. మెడ గుమ్మం వైపు తిరిగిపోయింది. అతను గొంతు పెంచాడు. ఆమె మళ్ళీ మూసుకుంది, మళ్ళీ తెరిచింది. చివరికి ఏడ్చేసింది.

"మూసుకుంటే మరిది పడవే కనపడతందండి. నేను చూడకపోతే ఈయన పడవని ఎవరు చూత్తారండి?"

అయ్యగారు ప్రార్థన మధ్యలోనే లేచారు. శిష్యుడు నివ్వెరపోయాడు. ఆయన తిన్నగా వెళ్ళి, గుమ్మంలో కుర్చీని సముద్రం వైపుకి సర్దుకుని కూర్చున్నారు. పడవది ఏ రంగని అడిగారు. నీలం రంగనీ, ముందువైపు ఎర్ర సిలువ ఉంటుందనీ ఆమె చెప్పింది.

"నేను చూస్తుంటానమ్మా. కనపడగానే లేపుతాను, నువ్వు పడుకో" అన్నారాయన. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, గూట్లో ఉన్న మాత్రలు డాక్టరు చెప్పినట్టే వేసుకోమన్నారు. ఆ డాక్టర్ని పంపించింది కూడా మన ప్రార్థన విన్నవాడేనన్నారు.

ఆమె ఆయన వీపుని కాసేపు చూసింది. గోడకి తల ఆనించింది.

సుందరపాల్ వదిలిన చోటినుంచి మళ్ళీ అందుకున్నాడు. భయాన్ని గద్దించాడు, గాలిని గద్దించాడు, ఇంకా దేన్నో గద్దించబోతుంటే సన్నగా గురక వినిపించింది. ఆపేశాడు. సేవకుడు ప్రార్థిస్తుండగా ఇంటావిడ నిద్రపోతే ఏం చెయ్యాలో అతనికి ఎవరూ నేర్పలేదు. అయ్యగారి దగ్గరికి వెళ్ళి, కొంచెం చిన్నబుచ్చుకున్న గొంతుతో, ఆవిడ నిద్రపోయిందని చెప్పాడు. ఇప్పుడు ప్రార్థన ఎలా ముగించాలని అడిగాడు.

ఎండ అయ్యగారి ఒళ్ళోకి వచ్చింది. ఆయన కుర్చీ జరుపుకోలేదు. సముద్రం మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఆమెన్ మెల్లగా అను నాయనా. నమ్మి నిద్రపోయిన మనిషి, లేస్తుంది."