మంత్రిగారి బరువు

నేలలోని నూనె కోసం పోలప్ప రాజుగారి తోటలో లోతుగా రంధ్రం తొలిపిస్తూ, అందులో చిక్కటి బురద పోయిస్తున్నాడు. తన పట్టుపంచె మీద చుక్క పడేసరికి, పని చూడవచ్చిన మంత్రిగారు మండిపడ్డారు.

"బురదేమిట్రా, అసహ్యంగా! రేపటి నుంచి పన్నీరు పోయించు. మళ్లీ బురద కనిపిస్తే కొరడా దెబ్బలే!"

మర్నాడు పన్నీరు బిందెలు వచ్చాయి. రంధ్రం మీద పెద్ద కుర్చీ వేసి ఉంది. కూలీలంతా దూరంగా నిలబడ్డారు.

"నాకోసమేనా?" అంటూ మంత్రిగారు మురిసిపోయి కూర్చున్నారు.

"తమకోసమే దొరా. అడుగునున్న నూనె, గాలి పైకి ఎగదన్నకుండా ఇన్నాళ్లూ బురద బరువే అణిచిపెట్టింది. పన్నీరు తేలిక. ఇక ఆ బరువు తమరే!"

అంతలో కుర్చీ కింద గుడగుడమంది. మంత్రిగారు ఒక్క దూకు దూకి, స్వయంగా బురద కుండ ఎత్తారు.

"పంచె జాగ్రత్త దొరా," అన్నాడు పోలప్ప.