ఒకే అచ్చు తాళాలు

భార్య పుట్టింటి పెట్టెను ఆమె సెలవు లేకుండా తెరిచిన మగడికి పది కొరడా దెబ్బలు వేయించే ధర్మాధికారి నరహరి పంతులుకే భార్య పెట్టె తెరిచి చూడాలనే రోగం పట్టుకుంది. భార్య కనకవల్లి అప్పుడప్పుడూ తన పెట్టె తెరిచి, ఏదో ఉత్తరం చదువుకుని, చిన్నగా నవ్వుకునేది. ఆ నవ్వు చూస్తే పంతులుకు అనుమానం రగిలేది.

ఆమె గుడికి వెళ్లిన పూట, తాళాలు చేసే ఓబన్నను పిలిపించాడు.

"మా ఆవిడ పెట్టెకు మారుతాళంచెవి చెయ్యి. ఆ ఉత్తరం రాసినవాడెవడో ఇవాళ తేలిపోవాలి!"

ఓబన్న తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మారుతాళంచెవి ఎందుకు అయ్యగారూ? మీ పెళ్లికి మీ ఇద్దరి పెట్టెలకూ తాళాలు చేసింది మా నాయనే. రెండూ ఒకే అచ్చు. మీ మొలనున్న తాళంచెవి దీనికీ పడుతుంది."

పంతులు ముఖం వెలిగింది, చెయ్యి మొలనున్న తాళంచెవి మీద పడింది. మరుక్షణం నల్లబడింది. "అంటే, ఆవిడ తాళంచెవితో నా పెట్టె కూడా..."

"తెరుచుకుంటుంది. ఆ సంగతి మా నాయన అమ్మగారికి పెళ్లినాడే చెప్పాడు."

పంతులు తన పెట్టె దగ్గరికి పరుగెత్తాడు. సానివీధి నుంచి తనకొచ్చిన ఉత్తరాల కట్టలపై తాను వేసుకున్న లక్కముద్ర ఒక్కటీ చెదరలేదు. చెమట తుడుచుకుంటూ వచ్చి, "ముద్ర ఒక్కటీ చెదరలేదు. అయినా రేపే నా పెట్టెకు కొత్త తాళం చెయ్యి" అన్నాడు.

"మీ పెట్టెకెందుకు అయ్యగారూ? పదేళ్లుగా తెలిసినా అమ్మగారు దాని జోలికి రాలేదు. మీకు తెలిసీ తెలియగానే చెయ్యి మొలకు పోయింది. కొత్త తాళం కావలసింది అమ్మగారి పెట్టెకి."