గుమ్మం అవతలి గొంతు

అనగనగా ఒక ఊళ్ళో, కొండ కింద, బుట్టలల్లే గవరయ్య ఉండేవాడు. అతనికి తల్లి లేని కూతురు ఒకత్తి, పైడి. ఆ పిల్లంటే అతనికి ప్రాణం.

ఆ ఊళ్ళో వెదురు కొట్టేవాళ్ళకి ఒక పద్ధతుంది. పొద ముందు కత్తి కింద పెట్టి, "తీసుకోనా తల్లీ?" అని అడగాలి. ఆకు రాలితే సరేనన్నట్టు. రాలకపోతే మారు మాట్లాడకుండా ఇంటికి రావాలి.

ఆ ఏడు పెళ్ళిళ్ళు ఎక్కువ. చేటలని, బుట్టలని జనం చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. అప్పుడు గవరయ్య, "సెట్టుకి నోరుందా, సెవుందా? అడిగేదేటి!" అనుకుని టకటకా కొట్టుకొచ్చేశాడు. చూశావా బుద్ధి!

సాయంత్రం అల్లుతుంటే గుమ్మం అవతల ఎవరో సన్నగా, "తీసుకోనా?" అన్నారు. ఇరుగుపొరుగు నిప్పుకో మజ్జిగకో వస్తూనే ఉంటారు కదా. నువ్వు ఫోను చూస్తూ ఊఁ కొడతావే, అలాగే తలెత్తకుండా "ఆఁ, తీసుకో" అన్నాడు. ఆ తర్వాత చూస్తే గూట్లో కోడిపెట్ట లేదు. గూడు నిండా వెదురాకులు.

పిల్లి పట్టుకుపోయిందిలే అనుకుని, మర్నాడూ అడక్కుండానే కొట్టాడు. అప్పుడు మళ్ళీ అదే గొంతు, ఇంకాస్త దగ్గరగా. "తీసుకోనా?"

"తీసుకోమన్నానుగా!" అని విసుక్కున్నాడు.

మేకపిల్లని కట్టిన తాడుంది, ముడీ ఉంది. మేకపిల్ల లేదు. తాడు పొడుగునా వెదురాకులు.

అయినా బుద్ధి రాలేదు. మూడో రోజూ కొట్టుకొచ్చాడు. పైడి గుమ్మంలో కూర్చుని గవ్వలాడుకుంటోంది. గాలి లేదు.

"తీసుకోనా?"

"తీ..." అంటూ ఎందుకో తలెత్తాడు. బయట ఎవరూ లేరు. పైడి జడ నిండా వెదురాకులు. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప మాత్రం పడట్లేదు.

"వద్దు! వద్దు తల్లీ, నా పిల్ల!" అని బిడ్డని వాటేసుకున్నాడు.

అంతే. ఆ గొంతు మళ్ళీ అడగలేదు. గలగలమని ఆకుల చప్పుడు, మెల్లగా కొండ వైపు వెళ్ళిపోయింది. పైడి కళ్ళార్పి, "ఏటి నాన్నా, ఏడుస్తున్నావు?" అంది.

"అది నన్నడిగిందమ్మా. వద్దంటే ఊరుకుంది. నేనడగనే లేదు" అని వెక్కివెక్కి ఏడ్చాడు గవరయ్య.

తెల్లారాక పొద దగ్గరికెళ్ళి, కత్తి కింద పెట్టి అడిగాడు. పొద్దెక్కేదాకా నిలబడ్డాడు. ఒక్క ఆకూ రాలలేదు. వట్టి చేతులతో ఇంటికొచ్చి గంజి కాచాడు. పైడి వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని తాగింది.

కథ కంచికి,
కునుకు కంటికి,
గాలి వెదురింటికి.