గోడమీద రాజుగారి పేరు

తన ఏలుబడి గురించి జనం చాటున ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని సూరభూపతికి ఒకరోజు సరదా పుట్టింది.

పుట్టిందే తడవు కోట గుమ్మం పక్కనున్న పొడవాటి గోడకు తెల్లగా సున్నం వేయించాడు. కింద బొగ్గుల బుట్ట పెట్టించాడు. "మనసులో మాట ఏదైనా ఈ గోడమీద రాయండహో! పేరు రాయక్కర్లేదహో!" అని దండోరా వేయించాడు.

జనం ఎగబడ్డారు. రాయడం రానివాళ్ళు వచ్చినవాళ్ళను బతిమాలి రాయించుకున్నారు.

రాజు రోజూ పొద్దున్నే వచ్చి చదివేవాడు. ఆయన వెనకే తాంబూలం పెట్టె పట్టుకుని తిప్పసాని నడిచేది. రాజుగారికి ఆకులు చుట్టి ఇవ్వడం ఆమె కొలువు. ఆమె నోటి ఘాటు ముందు ఆ ఆకుల ఘాటు దిగదుడుపే.

"కొత్వాలుగారి గురక వినపడగానే మా వీధి దొంగలు పనిలోకి దిగుతున్నారు" అని రాసి ఉంది ఒకచోట. రాజు పడీపడీ నవ్వాడు.

"రాజుగారి కొత్త పద్యం విన్నాం. పాతదే నయం" అని ఉంది ఇంకోచోట. రాజు కాస్త తక్కువ నవ్వాడు.

ఒకరోజు మాత్రం అసలు నవ్వలేకపోయాడు. "పూలమ్మే బంగారి మొహం చూస్తే మల్లెలు కూడా వాడిపోతాయి" అని ఎవడో రాశాడు. ఆ మాట ఊరంతా పాకింది. పాపం, బంగారి బుట్ట మూలన పడేసి ఇంట్లో కూర్చుని ఏడుస్తోందట.

దాని పక్కనే ఇంకో రాత ఉంది. "ఏటిమీద కొత్త వంతెన దుంగలు డొల్ల. కాలు పెట్టేముందు చూసుకోండి."

ఆ వంతెన కట్టించింది మంత్రి కొమ్మనామాత్యుడు. దాని గురించి తనను పొగుడుతూ తానే వంద పద్యాలు రాయించుకున్నాడు. రాత చూడగానే ఆయన మీసం అదిరింది. కానీ వంతెన ఊసెత్తకుండా బంగారి పేరెత్తాడు.

"చూశారా ప్రభూ! ఒక ఆడకూతురిని ఎలా ఏడిపించారో! పేరు దాచుకుని రాయనిస్తే ఇంతే. ఇకమీదట ప్రతివాడూ తన పేరు రాసి తీరాలి."

రాజుకు సబబేననిపించింది. గోడకు మళ్ళీ సున్నం పడింది, ఊళ్ళో మళ్ళీ దండోరా మోగింది.

మర్నాటినుంచి గోడ రూపమే మారిపోయింది. "రాజుగారి పద్యం అమృతం. ఇట్లు, గుర్రాల రావన్న." "కొత్వాలుగారు రెప్ప వేయరు. ఇట్లు, గానుగ ఎర్రప్ప." "వంతెన బ్రహ్మాండం" అని అయితే పదిమంది రాశారు.

రాజు ఉబ్బిపోయాడు. "రథసప్తమినాడు రాణిగారితో, పిల్లలతో ఆ వంతెనమీదే రథంలో ఊరేగుతాం!" అని ప్రకటించాడు.

తిప్పసానికి సున్నం కింద పడిపోయిన 'దుంగలు డొల్ల' అన్న రాత గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే ఏటి రేవుకు వెళ్ళి అక్కడున్నవాళ్ళను అడిగింది. "పైన బండి వెళ్తే చాలు, కిందున్న మా నెత్తిన దుంగల పొట్టు రాలుతోందమ్మా" అన్నారు అందరూ.

"మరి ఆ ముక్క గోడమీద రాయరేం?"

"పేరు రాయాలిగా తల్లీ! మంత్రిగారితో పెట్టుకుని బతకగలమా?"

రథసప్తమి ఉదయం రాజు పరివారంతో కోట గుమ్మం దాటుతూ గోడవైపు చూసి ఆగిపోయాడు. ఇంతింత అక్షరాలతో కొత్త రాత ఉంది.

"ఈ వంతెనమీదికి నన్ను ఎక్కించకండి. నాకు ప్రాణమంటే తీపి. ఇట్లు, సూరభూపతి."

"నా పేరు ఎవడు వాడాడు?" రాజు గర్జించాడు.

"నేనే ప్రభూ" అంది తిప్పసాని, ఆకుకు సున్నం రాస్తూనే.

"ఎంత పొగరే నీకు! ప్రభువుల పేరు దొంగిలిస్తావా?" మంత్రి మీదికొచ్చాడు.

"పేరు లేకుండా రాయకూడదన్నారు కదా! ఊరంతా తిరిగి అడిగాను, ఎవరూ తమ పేరు ఇవ్వలేదు" అంటూ తిప్పసాని రాజువైపు తిరిగింది.

"ఈ మాట కింద రాసినా తల ఎగరని పేరు, ఈ రాజ్యంలో తమరిదొక్కటే దొరికింది మహారాజా!"

రాజు మెల్లగా మంత్రివైపు తిరిగాడు. "అమాత్యా, వంతెన గట్టిదేనా?"

"ఏనుగులు నడవచ్చు ప్రభూ!"

తిప్పసాని బుట్టలోంచి ఒక బొగ్గు తీసి మంత్రికి వినయంగా అందించింది. "అయితే ఆ మాటే రాయండి బాబూ. 'వంతెన గట్టిది. ముందు నా రథమే వెళ్తుంది' అని రాసి, కింద తమరి పేరు పెట్టండి."

మంత్రి బొగ్గు అందుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు. "ఇవాళ... నాకు రథం పడదని జ్యోతిష్కుడు..." అని నసిగాడు.

"మరి మా ఆవిడకూ పిల్లలకూ పడుతుందన్నాడా?" అని రాజు ఉరిమాడు. మంత్రి కాళ్ళమీద పడ్డాడు. నాసిరకం దుంగలు వేయించిన సంగతంతా ఒప్పుకున్నాడు.

సొంత ఆస్తి అమ్మి వంతెన తిరిగి కట్టించాలని, అది పూర్తయ్యేదాకా మంత్రి ముద్ర ముట్టకూడదని రాజు అక్కడికక్కడే శిక్ష వేశాడు. తర్వాత ఆలోచనలో పడ్డాడు. "సరే, పేర్లు తీసేద్దాం. కానీ బంగారి కన్నీళ్ళ మాటేమిటి?"

"కొట్టగలిగినవాడిమీద రాసేటప్పుడు పేరు వద్దు ప్రభూ. తిరిగి కొట్టలేనివాళ్ళమీద రాసేటప్పుడు పేరు ఉండాల్సిందే. లేకపోతే ఆ రాతమీద వెంటనే సున్నం కొట్టించండి" అంది తిప్పసాని.

"భేష్!" అన్నాడు రాజు. తన చేతి కంకణాలు తీసి ఆమె చేతికి తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో!"

"కొత్త వంతెన పూర్తయ్యాక, దాన్ని రెండో మనిషిగా దాటే భాగ్యం ఇప్పించండి మహారాజా."

"రెండోదానివా? మరి ముందెవరు?"

తిప్పసాని ఆకు చుట్టి, రెండు చేతులతో మంత్రిగారికి అందించింది. రాజుతోపాటు గుమ్మం ముందున్న జనమంతా పగలబడి నవ్వారు.