ముందుగా చేరిన కబురు

జూనియర్లు ప్రశ్న వేస్తే పుస్తకం తీసి సెక్షను చూపించే అలవాటు భాస్కరమ్మ గారికి లేదు. ఏదో ఒక పని చేసి ఊరుకుంటారు. అర్థమైతే అయినట్టు, లేకపోతే మన ఖర్మ. విజయనగరంలో వినియోగదారుల కేసులు ఆవిడలా నడిపేవారు లేరు. ఆవిడ దగ్గర గుమాస్తాని కనక ఇది పొగడ్త అనుకోకండి, ఆ ఖర్మ నేనూ అనుభవించినవాణ్ణే.

ఒక శనివారం కృపావతి అనే అమ్మాయి ఆఫీసుకొచ్చింది. ఆమెకు అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నెల తప్పగానే, మూడో నెల దాటేదాకా భర్తకు తప్ప ఎవరికీ చెప్పకూడదనుకుంది. పరీక్ష చేసుకునే కిట్టు కొన్నచోట మందుల షాపువాడు బిల్లుకని నంబరు అడిగితే, ఇంట్లో అందరూ వాడే ఫోను నంబరు ఇచ్చింది. వాడు ఆమె పేరూ, నంబరూ, కొన్న వస్తువూ పసిపిల్లల సామాన్లమ్మే కంపెనీకి అందించాడు. కంపెనీవాళ్లు ఫోన్ చేసి, తల్లి కాబోతున్నందుకు శుభాకాంక్షలు, ఉయ్యాలల మీద తగ్గింపు ఉందన్నారు. ఎత్తింది అత్తగారు. ఆవిడ సంతోషం పట్టలేక వీధంతా మిఠాయి పంచేసింది. నెల తిరక్కుండానే ఆ కడుపూ పోయింది. తాను బయట ఒక్కరికీ చెప్పని సంగతికి వీధి వీధంతా పరామర్శకు వచ్చి కూర్చుంది. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

షాపు మీద ఫిర్యాదు వేయాలని ఆమె పట్టుదల. ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. కేసు నిలుస్తుందని ఆవేళ తేల్చి చెప్పకపోతే ఆమెను ఇంకోసారి మా గడప తొక్కనివ్వరు.

మా జూనియరు భానోజీ చురుకైనవాడే, కాకపోతే మాట ముందు, ఆలోచన వెనక. ఆమె ఎదుటే అడిగేశాడు. రూపాయి పోలేదు, కడుపన్నాక ఎలాగూ పదిమందికీ తెలిసేదే, ఇక నష్టం కింద ఏం రాస్తామండీ అన్నాడు. కృపావతి తల దించుకుంది.

భాస్కరమ్మ గారు కళ్లజోడు సర్దుకుని తన ఫోను తీశారు. సాలూరులో మీ అమ్మ నంబరు ఇదే కదూ అని భానోజీకి చూపించారు.

సంగతేమిటంటే, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షలో భానోజీ నెగ్గినట్టు ఆ ఉదయమే తెలిసింది. వాళ్లమ్మ మిషను కుట్టి చదివించింది. సాయంత్రం బస్సెక్కి వెళ్లి, ఆవిడ ఎదురుగా నిలబడి చెబుతానని, అందాకా ఎవరూ నోరు విప్పొద్దని మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు.

భాస్కరమ్మ గారు ఫోను చెవికి ఆనించి, నమస్కారమమ్మా, మీ అబ్బాయి గురించి ఒక మంచి మాట, అని మొదలుపెట్టారు. భానోజీ బల్ల మీంచి దూకినంత పని చేసి ఫోను లాక్కున్నాడు. సీనియరన్న భయం, భక్తి అన్నీ గాలికి పోయాయి.

"అది నా నోటితో నేను చెప్పుకోవాల్సిన మాటండీ. మధ్యలో మీరెవరు?"

"రేపు పేపర్లో ఎలాగూ వచ్చేదేగా," అన్నారావిడ తాపీగా.

భానోజీ ఫోను చూసుకున్నాడు. అవతల ఎవరూ లేరు, ఆవిడ అసలు నంబరే నొక్కలేదు. అప్పుడు కృపావతి వైపు తిరిగాడు. ఆమె తలెత్తి అతణ్ణే చూస్తోంది. ఆ క్షణంలో వాణ్ణి చూసి నాకు జాలేసింది.

భాస్కరమ్మ గారు తెల్లకాగితం అతని ముందుకు జరిపారు.

"ఇప్పుడు నన్నన్నావే, ఆ మాటతో ఫిర్యాదు మొదలుపెట్టు. కోపం చల్లారకముందే రాయి."