గోడకు వెచ్చదనం ఎక్కడిది?

అనగా అనగా, పొద్దెక్కినా మంచు విడవని ఒక కొండ మీద సోములమ్మ అనే ఆవిడ కోళ్లు పెంచుకునేది. ఆ కోళ్లలో నల్లటి కాకిపెట్ట ఒకటి. పోయిన చలికాలం దాని పిల్లలన్నీ చలికి బిగుసుకుపోయి చచ్చిపోయాయి. ఈ ఏడు మళ్లీ పిల్లల్ని లేపింది, మళ్లీ చలీ వచ్చింది. పాపం, దాని గుండెల్లో రాయి పడింది.

సోములమ్మది జాలిగుండె. గూటి చుట్టూ వెదురు తడికలు రెండు వరసలుగా కట్టి, నడుమ వరిగడ్డి దట్టించి, పైన మట్టి మెత్తింది. గాలి ఆడటానికి కప్పు కింద చిన్న కంత వదిలింది.

ఆ గూటికి పెద్ద డేగపుంజు. ఒంటినిండా ఎర్రటి ఈకలు, వాటికి మించిన డాబు. అది గోడ చుట్టూ తిరిగి చూసి, ఇక చలి భయం లేదు, గోడే మనల్ని వెచ్చబెడుతుంది, ఒకళ్ల మీద ఒకళ్లు పడి పడుకునే ఖర్మ తీరింది, ఎవరి మూల వాళ్లు చూసుకోండి అని చాటింది. రోజూ నడిమి చోటు కోసం పోట్లాడుకునే పెట్టలకు ఆ మాట ఎంతో ఇంపుగా తోచింది. తలో మూలకీ సర్దుకున్నాయి.

తెల్లవార్లూ వణికాయి. గడ్డి చాలలేదంది పుంజు. కోళ్లన్నీ గోల పెడితే సోములమ్మ గోడకు ఇంకో పొర గడ్డి కట్టింది. మర్నాడూ వణుకే. కంతలోంచి చలి వస్తోందంది పుంజు. మళ్లీ గోల. ఆవిడ విసుక్కుంటూనే కంతలో గోనెపట్టా కుక్కింది. ఈసారి వణుకుతో పాటు చెమ్మ కూడా పట్టింది. కప్పు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలాయి. పొద్దున్నకి కాకిపెట్ట పిల్లల్లో ఒకటి తుమ్మి తుమ్మి, కొనఊపిరితో మెడ వాల్చేసింది.

కాకిపెట్ట కుమిలి కుమిలి ఏడ్చింది. పిల్లను ఎండలో కూర్చోబెట్టి, ఏం తోచక గూట్లోకి వచ్చింది. కోళ్లన్నీ మేతకు పోయి చాలాసేపయింది. ఖాళీ గూడు చల్లగా ఉంది. గోడకు ఒళ్లు ఆనించి చూసింది. గోడా చల్లగానే ఉంది. కాకిపెట్ట ఆలోచనలో పడింది.

సాయంత్రం అందరూ గూటికి చేరగానే నిదానంగా అడిగింది.

"పుంజుగారూ, వెచ్చదనం గోడదే అయితే, మనం లేనప్పుడు గూడు ఎందుకు చల్లారిపోయింది?"

పుంజు మెడ ఈకలు నిక్కించింది. కాకిపెట్టే మళ్లీ అంది.

"వెచ్చదనం మన ఒంట్లో ఉంది. గోడ దాన్ని బయటికి పోనివ్వదు, అంతే. మనం విడివిడిగా పడుకుంటే అది దాచేదేముంది? నా పిల్ల పోయేట్టుంది. మీ కాళ్లు పట్టుకుంటాను, దగ్గరికి రండి."

అని, ఎగిరి ముక్కుతో ఆ గోనెపట్టా లాగి పారేసింది. ముందు ఒక ముసలిపెట్ట లేచి వచ్చింది. ఆ వెనక మిగతావీ వచ్చి, పిల్లల్ని నడుమ పెట్టుకుని ఒత్తుగా కూర్చున్నాయి. చెమ్మ కంతలోంచి పోయింది. వెచ్చదనం గడ్డిగోడల మధ్య నిలిచింది. పుంజు పరువు కోసం కాసేపు మూలనే బిగుసుకుని కూర్చుంది. పరువు చలి ఆపుతుందా? చివరికి తల దించుకుని వచ్చి, కాస్త జరగండమ్మా అని, తన రెక్క కూడా పిల్లల మీద కప్పింది.

తెల్లారేసరికి ఆ జబ్బుపిల్ల నూకల కోసం తల్లి కాళ్ల మధ్య గొడవ చేస్తోంది. కాకిపెట్టకు ప్రాణం లేచొచ్చింది.

పిల్లలూ, ఎంత మంచి గోడైనా ఉన్న వెచ్చదనాన్ని నిలుపుతుందే గాని లేనిదాన్ని పుట్టించదు. అది ఇంట్లోవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకోవలసిందే.