అవ్వకిచ్చిన మత్తు

"మౌలాలీ! ఒరే మౌలాలీ, యాడున్నావురా?"

అవ్వ పిలుస్తోంది. ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఎదురుగా నిలబడ్డ ఓబులేసు ముఖంలోకే చూస్తూ పిలుస్తోంది. మౌలాలి ఆమె తమ్ముడు. చిన్నప్పుడే పోయాడు.

ఓబులేసు చేతిలో నీళ్ల గ్లాసు అలాగే ఉండిపోయింది.

అవ్వ పేరు బీబమ్మ, ఫకీరుగా బతికే మనిషి. కొండ కింద చిన్న తకియాలో, అంటే ఫకీర్లుండే మఠంలో, బొంతలు కుట్టుకుంటూ ఉంటుంది. ఆమె దగ్గర చదువంటే సూదీ దారమే. ఎవరైనా వచ్చి దేవుడెక్కడున్నాడని అడిగితే పాత గుడ్డలు ముందు పడేసి కుట్టమంటుంది. కుట్టాక చూసి, వంకర పోయింది, విప్పి మళ్లీ కుట్టమంటుంది. శిష్యుడిగా చేరిన ఓబులేసు అలా ఎన్ని కుట్లు విప్పాడో. అయినా విసుగు రాలేదు. ఇంట్లో ఎవరూ ప్రేమగా పిలవని పేరు ఆమె నోట "ఓబులేసూ" అని వినబడితే, ఎండిన నేల మీద తొలివాన పడినట్టుండేది అతనికి. ఆ పిలుపు కోసమే రోజూ అందరికంటే ముందు లేచేవాడు.

అవ్వ తడిబండ మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ తప్పదన్నారు. మత్తు డాక్టరు సుధామణి వచ్చి రెండు దారులున్నాయని చెప్పింది. నడుములో సూది వేసి కింది భాగం మొద్దుబార్చొచ్చు, లేదంటే పూర్తిగా నిద్రపుచ్చొచ్చు. అవ్వ నవ్వి, "నాకేం తెలుసు తల్లీ, మా వాణ్ణడుగు" అంది.

ఓబులేసుకు తెలుసు. పూర్తి మత్తిస్తే ముసలివాళ్ల తెలివి మళ్లీ రాదని బస్టాండు టీకొట్టులో ఎవరో చెప్పగా విన్నాడు. నడుముకే వేయాలని పట్టుబట్టాడు. సరే, ఈమెకు అదీ బాగానే పనిచేస్తుంది అంది డాక్టరు. కానీ ఈ వయసులో ఇంత దెబ్బ తగిలాక, ఏ మత్తిచ్చినా కొందరికి కొన్నాళ్లు తికమక వస్తుందని, ఆ విషయంలో రెండూ ఇంచుమించు ఒకటేనని కూడా చెప్పింది. ఓబులేసు చెవికి మొదటి మాటే ఎక్కింది. అవ్వ తెలివిని తన రెండు చేతుల్లో దీపంలా కాపాడానని తకియాలో అందరికీ చెప్పుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడే ఈ మౌలాలి పిలుపు మొదలైంది.

పెద్దీరన్న అందరికంటే పాత శిష్యుడు. ఇది జబ్బంటే అతను ఒప్పుకోలేదు. అవ్వ దుప్పటి అంచు పట్టుకుని లేని సూదితో కుడుతుంటే చేతులు జోడించాడు. "గోడ మీదికి మేకలెక్కినాయి, దించండిరా" అంటే, కళ్లు మూసుకుని, మేకలంటే ఇంద్రియాలు, గోడంటే దేహం అని అర్థం చెప్పాడు. చూడ్డానికొచ్చినవాళ్లు మంచానికి నుదురు తాకించి వెళ్లారు. దారి తప్పిన మనసు పాట విని ఇంటికొస్తుందని, రాత్రిళ్లు చుట్టూ కూర్చుని తత్వాలు పాడారు. ఆమెను నిద్రపోనిచ్చిన పాపాన పోలేదు.

ఓబులేసు పాడలేదు. పదేపదే ఆమె మీదికి వంగి, "అవ్వా, నేనెవర్ని? చెప్పు" అనేవాడు. ఆమె బెదిరిన లేగదూడలా చూసేది.

సుధామణి వచ్చి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "పెద్దాయనా, మేకలంటే మేకలే. ఆమెకు నిజంగా కనబడుతున్నాయి. భయపడుతోంది" అంది.

పాడేవాళ్లను ఇంటికి పంపేసింది. కిటికీ తెర తీయించి, అవ్వ కళ్లజోడు ఆమెకు పెట్టించింది. నొప్పి మందు సరిచూసింది. నేనెవర్నంటూ ఈమెకు పరీక్షలు పెట్టొద్దు, ఎక్కడుందో, నువ్వెవరో నువ్వే చెప్పు, రాత్రయితే నిద్రపోనీ అని ఓబులేసుకు చెప్పింది. రెండో మత్తయితే ఇలా కాకపోయేదా అని అతను అడిగితే, ఓపిగ్గా మళ్లీ మొదటి రోజు మాటే చెప్పింది. అతను నమ్మలేదు. పాడు చేసింది తానేనని గట్టిగా అనుకున్నాడు.

మంచం పక్కన కూర్చున్నాడు. ఇది ఆసుపత్రి అవ్వా, తుంటి విరిగితే బాగు చేశారు, నేను ఓబులేసుని. కుట్టిందే కుట్టినట్టు అదే మాట. తిండి తిన్నాడో లేదో, రెప్ప మాత్రం వాల్చలేదు. మేకలు ఒక్కొక్కటే గోడ దిగాయి. అవ్వ రాత్రిళ్లు నిద్రపోయింది.

ఒక మధ్యాహ్నం మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, "ఓబులేసూ, నా మేకల్ని పెద్దీరన్నకు అప్పజెప్పినావా?" అంది.

ఆ పిలుపు విని గంతులేయాల్సినవాడు మంచానికి దగ్గరగా జరిగాడు. లోపల తొలిచేస్తున్నది బయటికొచ్చింది.

"అవ్వా, నీకు తప్పు మత్తు ఇప్పించినానా? రెండోదై ఉంటే..."

అవ్వ అతని ఎర్రబడ్డ కళ్లలోకి చూసింది. తల కింది రెండు దిండ్లలో ఒకటి లాగి నేల మీద పడేసింది.

"పడుకో."

"నిద్ర రావడం లేదవ్వా."

"నేనడిగినానా?"

పడుకున్నాడు. పైనుంచి ఆమె చెయ్యి జారి అతని జుట్టులో వాలింది. అంతవరకే గుర్తు.

కళ్లు తెరిచేసరికి ఏటవాలు ఎండ. ఎవరి గోడలో, ఏ ఊరో. దిగ్గున లేచి, తెల్లారిపోయింది, బొంతలు ఎండకేయలేదు అంటూ మంచం కింద చీపురు వెతికాడు. వాకిలనుకుని స్నానాలగది తలుపు తీశాడు. ఎదురొచ్చిన నర్సును, తకియాకు ఎప్పుడొచ్చావమ్మా అని అడిగాడు. ఆ పిల్ల కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. పొద్దు వాలుతోందన్నా, ఇది ఆసుపత్రి అంది.

అతను నెమ్మదిగా మనిషయ్యేదాకా అవ్వ ఆగింది.

"నీకు ఏ సూది వేసినారు నాయనా?"

ఓబులేసుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. వచ్చి మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. డాక్టరుతో అనలేదు, పెద్దీరన్నతో అనలేదు, తనతో తాను కూడా అనుకోలేదు ఆ మాట.

"నీ తెలివి పోతుందని కాదవ్వా నా భయం," అన్నాడు. "నువ్వు నన్ను మర్చిపోతావని."